నాలుగు డాలర్ల భోజనం ప్లేటులో అద్దె వాటా ఎంత?

సెంగ్‌కాంగ్ శీను:
మా బ్లాక్ దగ్గర హాకర్ సెంటర్లో, అంటే ప్రభుత్వం కట్టిన తిండి స్టాళ్ల సముదాయంలో, అన్నం, రెండు కూరలు, గుడ్డు కలిపి ఈ నెల నుంచి నాలుగు డాలర్లు చేశారు. నేను సింగపూర్ వచ్చిన కొత్తలో అదే ప్లేటు మూడు లోపే వచ్చేది. ఎందుకు పెంచారని స్టాల్ ఆంటీని అడిగితే గరిట ఆపకుండానే "అద్దె" అంది.

2024లో మెరీన్ పరేడ్ సెంటర్లో ఒక స్టాల్‌ను నెలకు 10,158 డాలర్ల టెండరుతో దక్కించుకున్నారు. అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. స్థలం ప్రభుత్వానిది, కట్టడం ప్రభుత్వానిది, కట్టిందేమో మామూలు మనిషి చవగ్గా తినాలని. అక్కడ వేలంపాట ఎందుకండీ? టెండర్లు తీసేసి, ఒక స్థిరమైన అద్దె పెట్టి, వంట రుచి చూసి, అర్హుల్లో లాటరీ తీసి ఇవ్వాలన్నది నా వాదన. కాదనేవాళ్లు రండి.

లెక్కల మాస్టారు:
కాదంటున్నాను. ఆ పదివేల స్టాల్ వార్తయింది అది అరుదు కాబట్టే. ఎన్‌ఈఏ, అంటే ఇక్కడి పర్యావరణ సంస్థ నడిపే సెంటర్లలో సబ్సిడీ లేని వంట స్టాళ్ల అద్దె చాలాకాలం మధ్యస్థంగా 1,250 డాలర్ల దగ్గరే ఉంది. అంటే సగం మంది అంతకన్నా తక్కువే కడుతున్నారు. నెలకు 26 రోజులు, రోజుకు 150 ప్లేట్లు అనుకోండి. ప్లేటుకు 32 సెంట్లు పడుతుంది. వీధుల్లోంచి తెచ్చి కూర్చోబెట్టిన మొదటి తరం హాకర్లు 192 లేదా 320 డాలర్లు కడతారు. 320 వేసుకున్నా ప్లేటుకు 8 సెంట్లు. రెండింటికీ తేడా పావలా కూడా లేదు. మీ ప్లేటు డాలరు పైన పెరిగింది కదా, మిగతాది ఎక్కడిది? కోడిమాంసం, నూనె, గ్యాసు, పనిమనిషి జీతం. సరుకులే ఖర్చులో సగం దాటి తింటాయి, అద్దె పదో వంతుకు కాస్త పైన.

ఇంకో మాట. 2012లో ఎన్‌ఈఏ కనీస అద్దె షరతు ఎత్తేసింది. పోటీ లేని చోట డాలరు టెండరుకు స్టాల్ దొరికిన వాళ్లూ ఉన్నారు. ఎక్కువ పాడిన వాళ్లకు కూడా మూడేళ్ల తర్వాత అద్దెను మార్కెట్ అంచనాకు సరిచేస్తారు. ప్లేటు ఆ ధరకు అమ్ముడుపోతుందన్న నమ్మకంతోనే అద్దె అంత పాడతారు. మీరు దాన్ని తిరగేసి చదువుతున్నారు.

టెక్కా లలిత:
మాస్టారూ, భాగహారం బాగుంది. పక్క స్టాల్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

నేను రోజూ తినే సెంటర్లో నూడుల్స్ చేసే తాతకి డెబ్బై దాటాయి. ఆయన, ఆయన భార్య, అంతే. ఇద్దరూ జీతం తీసుకోరు. పిల్లలు స్థిరపడ్డారు, ఇల్లు అప్పు తీరిపోయింది, అద్దె మీరు చెప్పిన పాత సబ్సిడీ అద్దె. ఆయన మూడున్నరకు అమ్ముతుంటే ఎదురుగా కొత్తగా వచ్చిన కుర్రాడు అయిదుకు అమ్మలేడు. అంటే ఆ తాత అద్దె ఆయన ప్లేటుకే కాదు, ఆ వరసంతటికీ ధర కట్టేస్తోంది. 1970లు, 80ల్లో సెంటర్లు కట్టి వీధి బండ్లవాళ్లని లోపలికి తెచ్చినప్పుడు ఇచ్చిన రాయితీ అది. హాకర్ల వయసు ఇప్పుడు మధ్యస్థంగా అరవై దగ్గర. తాత షట్టర్ దించిన రోజు ఆ స్టాల్ టెండరుకు వెళుతుంది. అప్పుడు మూడున్నరకు అమ్మే మనిషి ఉండడు, అయిదుకు అమ్మేవాణ్ణి ఆపేవాడూ ఉండడు. మీ పావలా తేడా ఆరోజు పావలాగా ఉండదు.

పోతే ఆ 10,158ని కూడా మీ 150 ప్లేట్లతోనే భాగించండి. ప్లేటుకు రెండు డాలర్ల అరవై సెంట్లు. నాలుగు డాలర్ల ప్లేటు మీద!

లెక్కల మాస్టారు:
రోజుకు 150 అమ్మేవాడు ఆ పాట పాడడమ్మా. నాలుగైదు వందలు అమ్ముతాననుకున్నవాడే పాడతాడు. తాత విషయం మాత్రం ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు.

బెజవాడ బాబ్జీ:
మీ సింగపూర్ సంగతి నాకు తెలియదు, చుట్టపు చూపుగా వచ్చి రెండుసార్లు తిన్నాను. అద్దె పాడిన ఇంట్లో పుట్టాను కనక రాస్తున్నా.

మా నాన్న 90ల్లో ఒక బస్టాండులో టిఫిన్ స్టాల్ టెండరు వేశాడు. ఊరు పేరు వద్దులెండి. ఎదుటివాడి మీద పట్టుదలకు పోయి అనుకున్నదానికన్నా బాగా ఎక్కువ రాశాడు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. రేట్లు మా చేతిలో లేవు, ఇడ్లీ ఇంతకే అమ్మాలని బోర్డు ఉంటుంది. అంచేత నాన్న రేటు పెంచలేదు. మొదట మినప్పప్పు తగ్గి రవ్వ పెరిగింది. తర్వాత ఇడ్లీ రేకు మారింది, కొత్త రేకు గుంట చిన్నది. పల్లీ చట్నీలో పల్లీ ఎక్కడుందో వెతుక్కోవాలి. సాంబారు సంగతి చెప్పను. చివరికి కూల్‌డ్రింకు మీద "కూలింగ్ చార్జీ" అని రూపాయి వేసేవాళ్లం, అది మాత్రం నాకు ఇప్పటికీ సిగ్గు. తినేవాడు బస్సు ఎక్కి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. అందుకని సాగింది.

గడువు అయ్యాక ఇంకొకడు ఇంకా ఎక్కువ పాడాడు. అమ్మ మార్కెట్ వెనకాల బండి పెట్టింది. రోజూ ఆశీలు కట్టేది, అంతే. పాత రేకు అటక మీంచి దింపింది. అవే చేతులు, అదే రోలు, ఇడ్లీ పెద్దది, ధర తక్కువ. మాస్టారు గారూ, అద్దె ధరలో కనిపించకపోతే రేకులో కనిపిస్తుంది. మీ భాగహారంలో ఇడ్లీ సైజు లేదు.

అలాగని బండిని మెచ్చుకోవడం లేదు. ఆశీలు వసూలు చేసే హక్కు కూడా వేలమే మా వైపు. పాట ఎక్కువైన ఏడాది రసీదు మీద ఉన్నది ఒకటి, వాళ్లు చేత్తో తీసుకునేది ఒకటి.

సెంగ్‌కాంగ్ శీను:
బాబ్జీ అన్నా, రేకు మాట చదివి మా ఆంటీ గరిట గుర్తొచ్చింది. కూర వడ్డించేటప్పుడు చిన్నగా ఒక దులుపు దులుపుతుంది ఇప్పుడు. ఇదివరకు లేదు.

చూశారా, టెండరే మూలం. స్థిర అద్దె పెడితే పోతుంది.

లెక్కల మాస్టారు:
స్థిర అద్దె పెట్టిన చోట ఏం జరిగిందో చెప్పనా? 2012 ముందు కొందరు సబ్సిడీ స్టాల్ తమ పేరున ఉంచుకుని, ఇంకొకరికి వేల డాలర్లకు అద్దెకిచ్చి ఇంట్లో కూర్చున్నారు. వంట చేసేవాడు మార్కెట్ అద్దే కట్టాడు, అందువల్ల ప్లేటు చవక కాలేదు. సబ్సిడీ మధ్యవాడు తిన్నాడు. కనీస అద్దె ఎత్తేసిన ఆ సంవత్సరమే దీన్నీ నిషేధించారు. మీ లాటరీ తగిలిన వాడు వంటవాడే అవుతాడని హామీ ఎవరిస్తారు?

నైట్‌షిఫ్ట్ రాజు:
అందరూ హాకర్ సెంటర్ అంటున్నారు, నాకు రాత్రి రెండింటికి అన్నం పెట్టేది కాఫీ షాపు. హెచ్‌డీబీ, అంటే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ, బ్లాకుల కింద ఉండే ఈ కాఫీ షాపులు (కోపిటియంలు) ఏడు వందల పైనే, అందులో దాదాపు సగం ప్రైవేటువాళ్లవి. టాంపనీస్‌లో ఒకటి 2022లో 4 కోట్ల 16 లక్షల డాలర్లకు పైగా పలికింది. అంత పెట్టినవాడు కాఫీ, టీ స్టాల్ తన దగ్గరే ఉంచుకుని, మిగతా స్టాళ్ల నుంచి రాబట్టుకుంటాడు. అక్కడ ఏ ఎన్‌ఈఏ లెక్కా పనిచేయదు. సెంటర్ల టెండరు తీసేసినా నా ప్లేటు మారదు.

టెక్కా లలిత:
రాజూ, హెచ్‌డీబీ సొంత షాపుల్లో 2023 నుంచి ఒప్పందం పొడిగించేటప్పుడు బడ్జెట్ భోజనాలు పెట్టి తీరాలన్నారు కదా. కనీసం నాలుగు వంటకాలు, రెండు డ్రింకులు. దానికి ఏడాదిపాటు అద్దెలో అయిదు శాతం తగ్గింపు. చదవడానికి బాగుంది. తగ్గింపు షాపు నడిపేవాడికి వస్తుంది, మూడు చిల్లరకు ప్లేటు వండేది మాత్రం స్టాల్‌వాడు. ఆ నష్టం పక్క ప్లేటు మీద వేసుకోవాలి, లేదా బాబ్జీ గారి రేకు మార్చాలి.

2018లో కొత్త సెంటర్ల దగ్గర జరిగిన గొడవా ఇలాంటిదే. సామాజిక సంస్థలకు నిర్వహణ ఇచ్చారు. అద్దె పరవాలేదు. గిన్నెలు కడిగినందుకు, బల్లలు తుడిచినందుకు, ట్రేలు తిప్పి ఇచ్చే ఏర్పాటుకు వేరే వేరే చీటీలు, పైగా ఎక్కువ గంటలు తెరవాలని షరతు. అన్నీ కూడితే అది అద్దె కాక మరేమిటి? శీనూ, నీ స్థిర అద్దె నాకూ ఇష్టమే. ఒక షరతు మీద: అద్దె కాగితం మీద ఒకటే అంకె ఉండాలి, స్టాల్ తీసుకున్న మనిషే పొయ్యి దగ్గర నిలబడాలి.

బెజవాడ బాబ్జీ:
మా దగ్గర అన్న క్యాంటీన్లో అయిదు రూపాయలు, మిగతాది ప్రభుత్వం. 2018లో తెరిచారు, 2019లో ప్రభుత్వం మారాక మూసేశారు, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. మధ్యలో ఆ అయిదేళ్లూ తినేవాళ్లు ఎక్కడికెళ్లారో. ప్లేటు మీద ఇచ్చే సబ్సిడీ అందరికీ కనిపిస్తుంది, ఒకరు పెడితే ఇంకొకరు తీస్తారు. మీ తాతగారి అద్దె రాయితీ నలభై, యాభై ఏళ్లు ఎవరి కంటా పడకుండా నడిచింది. నాకు ఆ పద్ధతే నచ్చింది.

లెక్కల మాస్టారు:
కంట పడలేదు కాబట్టే అది ఎవరి డబ్బో ఎవరూ అడగలేదు బాబ్జీ గారూ. అది నా పన్ను కూడా. సరే, శీనుని ఒకటి అడుగుతాను. తాత వెళ్లిపోయాక అదే ప్లేటు, అదే గరిట నిండుగా, ఆ కుర్రాడు నాలుగున్నరకు పెడితే కొంటావా?

సెంగ్‌కాంగ్ శీను:
నేను కొంటాను. మా ఆవిడ రేపటి నుంచి డబ్బా కడుతుంది.