బోరు నీళ్ళ రిపోర్టులో రెండు లిమిట్లు – మావి పాసా, ఫెయిలా?

మాది గుంటూరు, గోరంట్ల వైపు. మా వీధికి ఇంకా కుళాయి రాలేదు, బోరే దిక్కు. నీళ్ళు కాచిన గిన్నె అడుగున సున్నం కొట్టినట్టు పేరుకుంటోందని ల్యాబులో టెస్టుకిచ్చాం. రిపోర్టు చూస్తే బుర్ర తిరిగింది. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) 940 అట, దానికి ఒక గడిలో 500, పక్క గడిలో 2000. ఫ్లోరైడ్ 1.2, దానికి 1.0, 1.5. నైట్రేట్ 71కి మాత్రం 45 ఒక్కటే, పక్కన ‘నో రిలాక్సేషన్’ అని ఉంది. ఏ గడి చూడాలండీ? నాలుగు నెలల మనవడికి డబ్బా పాలు కలపాలి.

జవాబు 1:
2000 లోపే కదండీ, ఏం కాదు. మేం పాతికేళ్ళుగా బోరు నీళ్ళే తాగుతున్నాం. టెన్షన్ ఉంటే కాచి చల్లార్చండి.

జవాబు 2:
తమ్ముడూ, ఆ సలహా పసిబిడ్డ ఉన్న ఇంట్లో పనికిరాదు. కాస్తే నీళ్ళు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది.

అమ్మా, నేను నీళ్ళ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. అందరూ ముందు టీడీఎస్ గడే చూస్తారు, మీరు నైట్రేట్ దగ్గర ఆగారు, మంచిపని. ఆ అంకెలు తాగునీటికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500వి, 2012 సవరణ. మొదటి గడి, నీళ్ళు ఉండాల్సిన తీరు. రెండోది వేరే నీళ్ళు దొరకనప్పుడు సర్దుకోడానికి. అదీ దాటితే ఆ నీళ్ళు తాగడం మానుకోవాలి. మీ టీడీఎస్, ఫ్లోరైడ్ సర్దుకునే కోవలోవి. నైట్రేట్‌కి సర్దుబాటే లేదు. అది ఎక్కువైతే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేదు, ఒళ్ళు నీలంగా మారుతుంది. లిమిట్ పెట్టిందే వాళ్ళను చూసి. అమెరికా లిమిట్ 10 అని ఎక్కడైనా కనిపిస్తే కంగారుపడకండి, వాళ్ళు అందులోని నైట్రోజన్ ఒక్కటే లెక్కేస్తారు. మన లెక్కలో అదీ దాదాపు 45కే వస్తుంది.

క్యాండిల్ ఫిల్టరు దీన్ని తియ్యదు, ఆర్‌ఓ తీస్తుంది. పెట్టించాక నైట్రేట్ మళ్ళీ టెస్ట్ చేయించండి. అప్పటిదాకా ఆ నీళ్ళతో పాలు కలపొద్దు. ఇంతకీ దగ్గర్లో మిరప చేలున్నాయా? యూరియా నేలలోకి దిగినా నైట్రేట్ ఇలాగే పెరుగుతుంది. సెప్టిక్ ట్యాంకు ఎంత దూరం?

ప్రశ్న అడిగినవారు:
టిన్ను నీళ్ళు తెప్పించాం అన్నయ్యగారూ. టిన్ను వేసే అబ్బాయి పెన్నులాంటి మీటరు ముంచి 60 చూపించాడు. అది చాలా?

జవాబు 2:
ఆ పెన్ను చూపేది టీడీఎస్సేనమ్మా. దానికి నైట్రేట్ విడిగా తెలీదు. ఆ నీళ్ళూ ఒక సీసా ల్యాబుకివ్వండి. ట్యాంకు సంగతి చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే మా వారు టేపు పెట్టి కొలిచారు. బోరుకి పదిహేను అడుగులు కూడా లేదు.

జవాబు 2:
అయితే బ్యాక్టీరియా టెస్టు కూడా రాయించండి. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా కనపడకూడదు. సీసా మాత్రం ల్యాబు వాళ్ళిచ్చిందే తీసుకోండి, ఇంట్లో కూల్‌డ్రింక్ సీసా వద్దు.