క్రీస్తు రాజు ఆదివారం వాక్యం: లోకరాజుకీ దేవుని ఏలుబడికీ పోలిక ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రాడీపేట, గుంటూరు:
అందరికీ వందనాలు. 2026 నవంబరు 22న క్రీస్తు రాజు ఆదివారం. యూత్‌కి 20 నిమిషాల వాక్యం, తర్వాత సండే స్కూలు పిల్లల నాటిక. "లోకరాజులు చెడ్డవాళ్ళు, యేసు మంచి రాజు" అంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. మరి మంచి రాజైన దావీదు సంగతేంటని ఎవరైనా అడిగితే ఇరుక్కుంటాం. ఏ భాగాలు తీసుకోవాలి? కొండవీడు కోటను ఉదాహరణగా చెప్పొచ్చా?

పటమట:
1 సమూయేలు 8:11-18 పట్టుకోండి: జనం రాజు కావాలంటే, రాజు ఏం చేస్తాడో సమూయేలు ప్రవక్త చెప్పిన హెచ్చరిక. హీబ్రూలో 'తీసుకుంటాడు' అన్న మాట అక్కడ నాలుగుసార్లు వస్తుంది. కొడుకుల్ని రథాలకి, కూతుళ్ళని వంటకి, మంచి పొలాల్నీ తోటల్నీ, చివరికి పనివాళ్ళనీ గాడిదల్నీ. ఆపైన ధాన్యంలో, ద్రాక్షలో, మందలో పదోవంతు. ఇదేమీ దుర్మార్గుడైన రాజు వర్ణన కాదు. సైన్యం, కచేరీ నడవాలంటే మామూలు రాజుకైనా అయ్యే ఖర్చు.

తర్వాత 1 రాజులు 4లో సొలొమోను ఇంటి రోజు మాంసం లెక్క చదవండి: కొవ్విన ఎడ్లు 10, మేతకి తిరిగిన ఎడ్లు 20, గొర్రెలు 100, దుప్పులూ జింకలూ వేరే. 12 మంది అధికారులు నెలకొకరు చొప్పున పంపాలి. 5వ అధ్యాయంలో 30,000 మంది వెట్టివాళ్ళు, వంతులవారీగా నెలకి 10,000 మంది లెబానోనుకి. 12వ అధ్యాయానికి వచ్చేసరికి, కాడి తేలిక చేయమంటే సొలొమోను కొడుకు రెహబాము కాదన్నాడు. జనం రాళ్ళతో కొట్టి చంపింది ఎవర్ని? వెట్టిపని అధికారి అదోరాముని. వాళ్ళ కడుపుమంట ఎక్కడుందో ఆ ఒక్క వచనం చెప్తుంది. ఇదంతా ఎనిమిది నిమిషాలు.

గుణదల:
అక్కడే ఆపితే బైబిలు రాజరికాన్ని కొట్టేసిందనుకుంటారు. ద్వితీయోపదేశకాండము 17:14-20 రాజుని ఒప్పుకుంటుంది, కానీ కట్టేస్తుంది: గుర్రాలు, భార్యలు, వెండి బంగారాలు పోగేయకూడదు, ధర్మశాస్త్రం ప్రతి రాసుకుని బతికినన్నాళ్ళూ చదవాలి. దావీదుకి జవాబు కూడా పటమటవారు చెప్పిన మాటలోనే ఉంది. 2 సమూయేలు 11:4లో ఊరియా భార్య బత్షెబ విషయంలో దావీదు చేసిందీ అదే 'తీసుకొన్నాడు'. 12:4లో దావీదుకి నాతాను ప్రవక్త చెప్పిన కథలోని ధనవంతుడు పేదవాడి గొర్రెపిల్లని 'తీసుకొన్నదీ' అదే మాట.

యోహాను 18:36 దగ్గర జాగ్రత్త. యేసు 'నా రాజ్యం ఈ లోకసంబంధమైనది కాదు' అన్నాడనగానే ఇక్కడ దానికి పనేమీ లేదనుకుంటారు. గ్రీకులో 'ఎక్' అంటే 'నుండి'. రాజ్యం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే ప్రశ్న. ఇక్కణ్ణుంచే అయితే నా సేవకులు పోరాడేవాళ్ళని ఆ వచనమే చెప్తుంది. అక్కడ రాజ్యం అన్న గ్రీకు మాట 'బసిలేయ'కి మొదటి అర్థం ఏలుబడి. తెలుగులో రాజ్యం అంటే నేలే తోస్తుంది కాబట్టి ఒకసారైనా 'ఏలుబడి' అనండి. కొండవీడు ఇక్కడ పనికొస్తుంది: 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి కోట పట్టుకోగానే, నేల అదే అయినా ఏలిక మారిపోయింది. ఒక్క నిమిషం చాలు. ఎక్కువైతే పిల్లలు పిక్నిక్ కబుర్లలో పడతారు.

బ్రాడీపేట, గుంటూరు:
'తీసుకునే రాజు' అనగానే, మరి చర్చిలో దశమభాగం అడుగుతారుగా అంటే?

పటమట:
అడగాలి కూడా, తప్పించుకోకండి. 1 సమూయేలు 8:15లో ఆ పదోవంతు రాజు పరివారానికీ సేవకులకీ పోతుంది. ద్వితీయోపదేశకాండము 14:28-29లో మూడో ఏటి పదోవంతు లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్ళు, విధవరాండ్రు ఊళ్ళోనే తృప్తిగా తినడానికి. వంతు ఒకటే, చేరే గడప వేరు. లెక్షనరీలో (ఏ ఆదివారం ఏ భాగం చదవాలో చెప్పే పట్టిక) ఈ ఏటి సువార్త మత్తయి 25:31-46. సింహాసనం మీది రాజు, ఆకలిగొన్నవాడికి పెట్టింది తనకే పెట్టినట్టు లెక్కేస్తాడు. (మన సంఘాల ఖర్చు పుస్తకాలు ఆ లెక్కకి తూగుతాయా అనేది వేరే చర్చ.) గొప్పవాడు కావాలంటే సేవకుడై ఉండాలని యేసు చెప్పే మార్కు 10:42-45తో ముగించండి.

కృష్ణలంక:
ఈ పండుగని 1925లో పోపు 11వ పయస్ పెట్టారు. మొదట అక్టోబరు చివరి ఆదివారం, 1969 సవరణతో అడ్వెంటుకి (క్రిస్మస్‌కి సిద్ధపడే వారాలకి) ముందు ఆదివారానికి మారింది. లెక్షనరీ పాటించే ప్రొటెస్టంటు సంఘాలూ చేస్తాయి.

నాటికకి బంగారు కాగితం కిరీటం వద్దండి. సిలువకి ముందు యేసుని సైనికులు చేసిన ఎగతాళిలో పట్టాభిషేకం సరంజామా అంతా ఉంది: ఊదారంగు వస్త్రం, ముళ్ళ కిరీటం, కుడిచేతిలో రెల్లు, మోకాళ్ళ మీద దండాలు. సిలువ పైనుండే 'యూదుల రాజు' అన్న పలక హీబ్రూ, లాటిన్, గ్రీకుల్లో ఉండేది. పిల్లల చేత తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో రాయించండి. కిరీటానికి మాత్రం సర్కారు తుమ్మ కొమ్మలు తేకండి, కళ్ళకి గుచ్చుకుంటాయి. పాత గుడ్డని తాడులా పేని, అట్టముక్క ముళ్ళు కుట్టేయండి. రెల్లు దొరక్కపోతే జొన్నదంటు.