అప్‌డేట్: ఎన్‌పీటెల్ (ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు) పరీక్ష రాసేశాను

బీకాం చదివి అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను, ఉద్యోగం మారాలంటే అమీర్‌పేటలో వేలు పోసి కోర్సు చేయాలా, ఎన్‌పీటెల్ సరిపోతుందా అని అప్పుడు అడిగింది నేనే. మీ మాట విని అందులో 12 వారాల పైథాన్ (ప్రోగ్రామ్‌లు రాసే భాష) కోర్సులో చేరాను. పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. లూపుల (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) దగ్గర బుర్ర తిరిగి రెండు అసైన్‌మెంట్ల గడువు దాటిపోయింది, ఇక పోయినట్టే అని తెగ టెన్షన్ పడ్డాను గానీ 12లో బాగా వచ్చిన 8 మాత్రమే లెక్కలోకి వస్తాయట, వాటికి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకు 75. మొత్తం 64, ఎలీట్ అనే స్థాయి సర్టిఫికెట్ చేతికొచ్చింది (అంటే ఫోన్‌లోకే లెండి). ఉద్యోగమా? ఇంకా మారలేదు. మొన్న ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ వైపు కూడా చూడలేదు, ఇన్‌వాయిస్‌లు సరిచూసుకోవడానికి నేను రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ గురించే పావుగంట అడిగారు.