కోటింగ్ పాన్‌లో మాత్రలు రెండేసి అతుక్కుంటున్నాయి, ఏం చేయాలి?

బెంగళూరు పీణ్యలో మాది చిన్న ఆయుర్వేద మాత్రల యూనిట్ అండీ. మాత్రలను దొర్లిస్తూ పైపొర వేసే 24 అంగుళాల స్టీల్ కోటింగ్ పాన్ ఉంది, రంధ్రాలు లేని పాత రకం. హెచ్‌పీఎంసీ అనే పైపొర పొడిని నీళ్లలో కలిపి స్ప్రే చేస్తాం, వేడిగాలి పైనుంచి గొట్టంలో వస్తుంది. ఈ వానలు మొదలైనప్పటి నుంచి మాత్రలు రెండేసి అతుక్కుంటున్నాయి. విడదీస్తే ఒకదాని పొర గోరంత ఊడి, లోపలి గోధుమరంగు బయటపడుతోంది. చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది.

మా మాత్ర రెండు వైపులా చదునుగా ఉంటుంది. అసలు కారణం అదేనని నా అనుమానం. స్ప్రే తగ్గిస్తే అతకడం తగ్గింది గానీ బ్యాచ్ పూర్తయ్యేసరికి రాత్రవుతోంది. పాన్ వేగం పెంచితే అంచులు రాలుతున్నాయి.

పాన్ లోపల బాఫిల్స్ (మాత్రలను కలియదిప్పే అడ్డపలకలు) వెల్డింగ్ చేయిస్తే మాత్రలు బాగా దొర్లుతాయా? లేక మాత్రను ఉబ్బెత్తుగా అచ్చువేసే పంచ్‌లకు మారాల్సిందేనా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.