మాంటీ పైథాన్ 1973 ఎల్పీ: రెండు గాడుల ప్రెస్సింగ్‌ను ఫొటోల్లో గుర్తుపట్టడం ఎలా?

అందరికీ నమస్కారం. పాత బ్రిటిష్ కామెడీ రికార్డులంటే నాకు ప్రాణం. పార్లోఫోన్ కంపెనీ తెచ్చిన పీటర్ సెల్లర్స్ ఎల్పీలు, ‘పై’ (Pye) కంపెనీ తెచ్చిన టోనీ హాంకాక్ రికార్డులు ఒక్కొక్కటే కూడబెడుతున్నాను. ఇప్పుడు మాంటీ పైథాన్ అనే హాస్య బృందం వాళ్ల ‘మ్యాచింగ్ టై అండ్ హ్యాండ్‌కర్చీఫ్’ కొనాలి. కరిస్మా కంపెనీ, 1973.

దాని విశేషం తెలిసినవాళ్లకు తెలుసు. ఒక వైపు ఒకే గాడి కాకుండా రెండు గాడులు పక్కపక్కనే చుట్టుకుంటూ పోతాయి. ముల్లు ఏ గాడిలో పడితే ఆ స్కెచ్‌లే వినిపిస్తాయి. పైగా రెండు వైపులా లేబుల్ మీద ‘సైడ్ 2’ అనే ఉంటుంది! అంత శ్రద్ధగా చేసిన హాస్యం నేనింకెక్కడా చూడలేదు.

చిక్కల్లా ఏమిటంటే, తర్వాత వచ్చిన కొన్ని ప్రెస్సింగుల్లో (అంటే మళ్లీ అచ్చువేసిన రికార్డుల్లో) ఈ రెండు గాడులు లేవట. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు కవర్ ఫొటో ఒక్కటి పెట్టి ఊరుకుంటారు. లేబుల్ దగ్గర నున్నగా ఉండే చోట గీసిన అక్షరాలు చూసి తేల్చుకోవచ్చా? అంచు దగ్గర రెండు గాడుల మొదళ్లు క్లోజప్‌లో కనిపిస్తాయా? అమ్మేవాళ్లను ఏ ఫొటో అడగాలో చెప్పండి.

ఇంకో చిన్న సందేహం. 1958 నాటి ‘ద బెస్ట్ ఆఫ్ సెల్లర్స్’ పది అంగుళాల మోనో రికార్డు. దానికి మామూలు స్టీరియో ముల్లు వాడొచ్చా, మోనో కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చి ఉండే భాగం) కొనడమే మేలా? స్వయంగా వాడి చూసినవాళ్లు చెబితే చాలా సంతోషిస్తాను.