పని దొరికాక సిటీకి వెళ్ళాలా, వెళ్ళాక పని వెతుక్కోవాలా?

గీతలపిచ్చి:
అందరికీ నమస్తే. నాకు 24. బొమ్మలేస్తా, ఎక్కువగా పిల్లల పుస్తకాలకి, అప్పుడప్పుడు కవర్ పేజీలు. ఇంట్లోనే కూర్చుని చేస్తున్నా, ఇద్దరు క్లయింట్లు రెగ్యులర్‌గా పనిస్తున్నారు, ఇద్దరూ ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్ళే, ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. నాలుగు నెలల ఖర్చుకి సరిపడా దాచుకున్నా. పెద్ద సిటీకి వెళ్ళిపోవాలని రెండేళ్ళుగా అనుకుంటున్నా గానీ నాన్నేమో ముందు ఉద్యోగం చూపించు తర్వాత వెళ్దువుగాని అంటున్నారు. ఉద్యోగం వచ్చేదాకా ఆగితే ఎప్పటికీ కదలనేమో అని భయం, వెళ్ళి చేతులు కాల్చుకుని వస్తే ఇక ఇంట్లో నా మాట చెల్లదేమో అని ఇంకో భయం. వెళ్ళినవాళ్ళు, వెళ్ళి వెనక్కొచ్చినవాళ్ళు, అసలు వెళ్ళనివాళ్ళు అందరూ చెప్పండి ప్లీజ్.

కత్తెరగాడు:
వెళ్ళిపోండి. నేను వీడియో ఎడిటర్ని, ఆరేళ్ళయింది వచ్చి. మా లైన్లో పని ఎలా దొరుకుతుందంటే, రాత్రి ఎనిమిదింటికి ఒకడు హ్యాండిస్తాడు, పొద్దున్నకి కట్ కావాలి, అప్పుడు ఎవరు దగ్గర్లో ఉంటే వాడికి ఫోన్ వస్తుంది. ఎల్లుండి వస్తా అనేవాడికి రాదు. నా మొదటి మూడు పనులూ అలా వచ్చినవే. ఉద్యోగం చూసుకుని వెళ్దామంటే కుదిరే పని కాదిది, అడ్రస్ అక్కడ ఉంటేనే లెక్కలోకి వస్తాం.

నిదానంగా:
నేను వద్దనే చెప్తా, కోపం తెచ్చుకోకండి. ఈ టాపిక్ రాగానే అందరూ పెయింటర్ వాన్ గో పేరెత్తుతారు. 1886లో పారిస్ వెళ్ళాడు, అప్పటిదాకా మట్టి రంగుల్లో ముదురుగా వేసేవాడు కాస్తా రెండేళ్ళలో రంగులన్నీ మార్చేశాడు అని. నిజమే, కాదనను. కానీ అక్కడ ఆయన ఉన్నది తమ్ముడు థియో ఇంట్లో, థియో ఆర్ట్ డీలర్, ఇల్లు గడిపిందీ రంగులకి డబ్బిచ్చిందీ ఆ తమ్ముడే, కొత్త పెయింటర్లతో పరిచయాలకీ ఆయనే దారి. అంత ఉండి కూడా 1888 ఫిబ్రవరిలో సిటీలో అలిసిపోయి దక్షిణ ఫ్రాన్స్‌లో ఆర్ల్ అనే చిన్న ఊరికి వెళ్ళిపోయాడు, కుండీలో పొద్దుతిరుగుడు పూలు అని మనందరికీ తెలిసిన బొమ్మలు అక్కడ వేసినవి. మీకు సిటీలో థియో ఉన్నాడా?

నా సంగతి చెప్తా. మూడు నెలల డబ్బుతో వెళ్ళా. డిపాజిట్, అడ్వాన్స్ కట్టేసరికి దాదాపు సగం పోయింది. మొదటి పని రెండో వారంలోనే దొరికింది, ఎంత సంతోషపడ్డానో, కానీ ఇన్‌వాయిస్ పెట్టాక డబ్బులొచ్చింది 70 రోజులకి. ఆ మధ్యలో అద్దె కోసం ఒక ఆఫీసులో చేరా, బ్యానర్ల సైజులు మార్చే పని, పొద్దున్నుంచి రాత్రి దాకా అదే. పద్నాలుగు నెలల్లో నా కోసం నేను వేసుకున్నవి మూడంటే మూడు బొమ్మలు. ఇంట్లో ఉన్నప్పుడు వారానికి అన్ని వేసేదాన్ని.

కత్తెరగాడు:
అక్కా మీకు జరిగింది బాధగానే ఉంది, కానీ వెనక్కి రావడం కూడా తప్పేం కాదు కదా. సెజాన్ అనే ఇంకో పెయింటర్ 1861లో పారిస్ వెళ్ళి కొన్ని నెలలకే నిరాశపడి ఇంటికొచ్చేశాడు, బ్యాంకు పనిలో చేరాడు, మళ్ళీ 1862లో వెళ్ళాడు. మొదటిసారి తేలిపోయిందని రెండోసారి ఆగలేదు.

నిదానంగా:
ఆ బ్యాంకు వాళ్ళ నాన్నదే తమ్ముడూ. నెలనెలా డబ్బు పంపేవాడు. నేననేది కూడా అదే.

మట్టివేళ్ళు:
ఇద్దరూ డబ్బు గురించీ పని గురించీ మాట్లాడుతున్నారు, నాకైతే మూడోది ముఖ్యం అనిపిస్తుంది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా. నేనూ బొమ్మలే వేస్తా. ఇంట్లో ఉన్న నాలుగేళ్ళలో ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతిదానికీ సూపర్, అదిరింది అనే కామెంట్లే. సిటీకి వెళ్ళిన రెండో నెలలో ఒక స్కెచింగ్ గ్రూపులో కూర్చున్నా, పక్కన ఒక పెద్దావిడ, పేరు కూడా తెలీదు, నా నోట్‌బుక్ అడిగి తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పింది. తిప్పి, అమ్మాయీ నీ మనుషులందరూ చేతులు ఎందుకు దాచుకున్నారు అంది. చూస్తే నిజం. ఒకడి చేతులు జేబుల్లో, ఒకామె చేతులు వెనక్కి, పిల్లాడేమో చేతులు దుప్పట్లో. నాకు చేతులు వెయ్యడం రాదు, రాదన్న సంగతి నాకే తెలియకుండా నాలుగేళ్ళు దాచేశా. ఆ రాత్రి రూమ్‌కి వచ్చి నా ఎడమ చేతిని ఎదురుగా పెట్టుకుని పదకొండు సార్లు వేశా. నేను సిటీకి వెళ్ళింది దీనికోసం అని అప్పుడు అర్థమైంది. లైకు కొట్టేవాళ్ళు ఒక్క బొమ్మే చూస్తారు, నోట్‌బుక్ మొత్తం తిప్పరు కదా.

పని సంగతికొస్తే, 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు ఒక పేపర్ రాశారు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్ళని అడిగితే, ఆ సమయంలో ఆ తెలిసినవాళ్ళని వారానికి రెండుసార్లయినా కలిసేవాళ్ళమన్నది 17 శాతం లోపే, మిగతా అందరికీ అప్పుడప్పుడు, కొందరికైతే ఏడాదికోసారి కలిసే మనిషి ద్వారా దొరికింది. ఆయన అడిగింది ఆర్టిస్టుల్ని కాదు గానీ నా అనుభవం కూడా అంతే. దగ్గరి ఫ్రెండ్స్‌కి తెలిసినవి మనకీ తెలిసే ఉంటాయి, కొత్త కబురు తెచ్చేది ముఖపరిచయం ఉన్నవాళ్ళే, అలాంటివాళ్ళు వందమంది దొరికేది సిటీలోనే.

కానీ నిదానంగా గారు చెప్పింది ఇక్కడే కలుస్తుంది. చౌకగా వస్తుందని మొదట చాలా దూరంగా రూమ్ తీసుకున్నా, రానూపోనూ రెండున్నర గంటలు. ఎక్కడికెళ్ళినా చివరి ట్రైన్ కోసం మధ్యలో లేచి రావడమే. అసలు మాటలు మొదలయ్యేది అందరూ బ్యాగులు సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాక, ఆ అరగంట నాకు ఎప్పుడూ దక్కలేదు. తర్వాత ముగ్గురం కలిసి చిన్న గది దగ్గర్లో తీసుకున్నాం, అప్పట్నుంచే నాకు సిటీ మొదలైంది. సాయంత్రాలు మిగలకపోతే వెళ్ళీ దండగే, ఊరు ఏదైనా ఒకటే.

నిదానంగా:
చేతుల సంగతి చదివి చాలాసేపు ఆలోచించా. నాకు అలా అడిగే మనిషి ఆ పద్నాలుగు నెలల్లో దొరకలేదు, దొరికే చోటికి వెళ్ళే ఓపిక ఉండేది కాదు. ఇప్పటికీ ముందు డబ్బే అంటా, కనీసం ఆరు నెలలకి ఉండాలి, డిపాజిట్ ఆ లెక్కలోకి రాకూడదు. వద్దు అన్నమాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా.

కత్తెరగాడు:
ఆరు నెలల డబ్బు ఉండుంటే నేనూ ఇప్పటికి ఇంకో రెండు మంచి పనులు చేసేవాణ్ణి, ఒప్పుకుంటా. కానీ వీడియో లైన్‌కీ బొమ్మల లైన్‌కీ తేడా ఉందండోయ్, గీతలపిచ్చి గారికి పని ఎక్కడున్నా వస్తోంది, అది చాలా పెద్ద బలం.

గీతలపిచ్చి:
అందరికీ థ్యాంక్స్. ఇది చదివాక నా ఫైల్ తెరిచి చూసుకున్నా. నా పిల్లలెవరూ నవ్వేటప్పుడు పళ్ళు కనపడవు. ఒక్కరికీ. ఇంట్లో ఇలా మాట్లాడా: ఇంకో మూడు నెలలు ఇక్కడే ఉండి ఆరు నెలల డబ్బు చేస్తా, ఈలోపు ఒక నెల మాత్రం, ఎవరో ఖాళీ చేసి వెళ్ళే గదిలో, ఈ ఇద్దరు క్లయింట్ల పని అక్కడి నుంచే చేస్తూ ఉండి చూస్తా. నాన్న అవుననలేదు, కాదనలేదు, గది ఎన్నో అంతస్తు అని అడిగారు. మట్టివేళ్ళు అక్కా, ఆ నెల గది చూసేటప్పుడు ఏం చూసుకోవాలి?

మట్టివేళ్ళు:
ముందు ఆఖరి ట్రైన్ ఎన్నింటికో చూడు. తర్వాత కిటికీ. నా మొదటి గదిలో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, పసుపు బల్బు కింద వేసిన కవర్ పొద్దున బయటికి తీసుకెళ్ళి చూస్తే నీలం అంతా తేడా, మొత్తం మళ్ళీ వేశా. పగలు వెళ్ళి చూడు, లైటు ఆపించి ఒక తెల్ల కాగితం పట్టుకుని చూడు.