గనులున్న చోటే గంజి కరువెందుకు?

ఎర్రమట్టి:
ఖనిజ సంపదే శాపమన్న మాట నాకు మింగుడుపడదు. జార్ఖండ్ ప్రాంతం (అప్పట్లో బీహార్) సంగతే చూడండి. 1950లలో కేంద్రం బొగ్గు, ఉక్కు లాంటివాటి రైలు రవాణా ఛార్జీలను దూరంతో పనిలేకుండా సమానం చేసింది. జంషెడ్‌పూర్ ఉక్కు ఊళ్లో కొన్నా, వెయ్యి మైళ్ల అవతల కొన్నా ఇంచుమించు అదే ధర. ఇక గని పక్కన ఫ్యాక్టరీ ఎవడు పెడతాడు? ఓడరేవు పక్కనే పెట్టుకుంటాడు. పత్తికి మాత్రం ఈ సర్దుబాటు లేదు, దూరం నుంచి తెప్పించుకుంటే ఆ ఛార్జీ కట్టుకోవాల్సిందే! 1990ల మొదట్లో ఎత్తేసేదాకా ఇదే తంతు. ఇది శాపమా, సర్కారు ఉత్తర్వా?

పాతలెక్క:
ఉత్తర్వు పోయి 30 ఏళ్లు దాటింది కదా, ఫ్యాక్టరీలు బారులు తీరాయా? నైజీరియాలో ఆ ఉత్తర్వే లేదు. అక్కడ 1956లో ఒలోయిబిరి అనే పల్లెలో చమురు పడింది, దేశం మొత్తానికీ అదే మొదటి వాణిజ్య బావి. ఇప్పుడు బావి ఎండిపోయింది. తుప్పు పట్టిన గొట్టాలు, పక్కన తవ్విన సంవత్సరం చెప్పే బోర్డు మిగిలాయి. ఊరు పేదదిగానే ఉంది. చమురు డబ్బు నేరుగా ఖజానాకు చేరితే పాలకుడికి జనం కట్టే పన్నుతో పనేముంది? పన్నే అడగనివాడు లెక్క చెప్పమంటే చెబుతాడా?

కందిచేను:
అయితే ఆఫ్రికాలోనే ఉన్న బోట్స్వానా మాటేమిటి? 1966లో స్వతంత్రమైంది, మరుసటి ఏడాదే ఒరాపాలో వజ్రాలు దొరికాయి. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా ఖనిజాల మీద తెగల హక్కును ప్రభుత్వానికి మార్పించాడు, తన తెగదీ వదల్లేదు. గనుల కంపెనీలో ప్రభుత్వానికి సగం వాటా. ఆ డబ్బుతో బళ్లు, రోడ్లు వేశారు. మరి అక్కడ జనం పన్నులు కట్టారనా?

పాతలెక్క:
ఆ ఒక్క దేశం పేరు ఎన్నిసార్లు వినాలండీ! ఆదాయాల్లో తేడా ప్రపంచంలోకెల్లా ఎక్కువున్న దేశాల్లో అదీ ఒకటి.

ఎర్రమట్టి:
పాతలెక్క గారూ, లెక్క అడగడం గురించి మీరన్నది నిజమే, ఆ ముక్క ఒప్పుకుంటున్నా. మన దగ్గర 2015లో జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులైతే, తవ్విన ఖనిజానికి కంపెనీ సర్కారుకు కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము, వేలంలో వచ్చినవైతే 10 శాతం, గని ఉన్న జిల్లాలోనే ఉంటుంది. డబ్బు దగ్గరికే వచ్చింది, సరే. కానీ దేనికి ఖర్చుపెట్టాలో తేల్చే చోట గని దుమ్ము పీల్చేవాళ్లు ఎంతమంది కూర్చుంటున్నారు?

కందిచేను:
కూర్చోబెట్టినా, కాగితం చదివి వినిపించేవాడు కావాలిగా.